ముందు తిరగనివ్వండి, మెరుపు సంగతి తర్వాత

ప్రశ్న:

మాస్టారికి నమస్కారాలు. మాది ఒడిశాలోని జయపురం. వయసు 31, బ్యాంకులో ఉద్యోగం. మా తాతగారు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ మెయిన్ రోడ్డులో టైలరింగ్ కొట్టు పెట్టారు. ఆయన పోయాక కొట్టు మూసేశాం. ఆయన కాలితో తొక్కిన సింగర్ మిషను, కొట్లో గోడకుండే గంటలు కొట్టే గడియారం నా వాటాకి వచ్చాయి. మిషన్ చక్రం బిగుసుకుపోయింది, కదలదు. దాని నంబరు వై అక్షరంతో మొదలవుతుంది. గడియారం కీ ఇస్తే రెండు నిమిషాలు ఆడి ఆగిపోతుంది. కీ ఎక్కువ ఇచ్చేసి ఉంటారని అందరూ అంటున్నారు. ఈ రెండూ బాగుచేద్దామని మొదలుపెట్టి, కబాడీ కొట్లలోనూ సంతల్లోనూ కనిపించినవన్నీ కొనేశాను. ఇప్పుడు ఇంట్లో ఇంకో మూడు మిషన్ తలలు, రెండు పెట్రోమాక్స్ లైట్లు, టైంపీసులు, పాత తాళాలు, త్రాసులు, తూకం రాళ్లు ఉన్నాయి. ఒక్కటీ పూర్తిగా బాగుచేయలేదు. నాన్నగారు తూకానికి అమ్మేయమంటున్నారు. మంచం కింద చీపురు దూరే జాగా లేదని మా ఆవిడ గొడవ. మిషన్‌కి కొత్త పెయింటు వేయించమంటారా? గడియారం నేనే విప్పవచ్చా? అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి గడియారం తనకి పంపించమంటున్నాడు, పంపనా?

– ఒక పాఠకుడు, జయపురం

జవాబు:

బాబూ, మీ మిషను పాడవలేదు, గడియారమూ పాడవలేదు. చూడకుండానే ఈ మాట ఎలా అంటున్నానంటే, ఇళ్లల్లో మూలపడ్డ పాత యంత్రాల్లో నిజంగా విరిగినవి తక్కువ. ఎక్కువగా కనిపించేది ఒకటే జబ్బు. లోపల వేసిన నూనె ఏళ్ల తరబడి దుమ్ముతో కలిసి బంకయి, ఆ బంక ఎండి లక్కలా పట్టేస్తుంది. ఇనుము ఇనుములాగే ఉంటుంది, ఇత్తడి ఇత్తడిలాగే ఉంటుంది. మధ్యలో కదలిక మాత్రం ఉండదు. కాబట్టి మీరు నేర్చుకోవలసిన మొదటి పని ఆ పట్టు వదిలించడం. పెయింటు, పాలిష్, మెరుపు వీటి ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టండి. యంత్రం తిరిగాక దానికేం కావాలో అదే చెబుతుంది. తిరగకముందే మెరిపించిన యంత్రం షోకేసులో బొమ్మే.

మిషన్‌తో మొదలుపెట్టండి. గడియారం తర్వాత. ఈ వరస మార్చకండి, కారణం ముందుకెళ్లాక చెబుతాను.

సింగర్ మిషన్లకి 1900 నుంచి నంబరు ముందు అక్షరం వేయడం మొదలుపెట్టారు. వై అక్షరం ఉన్నవి స్కాట్లాండులో గ్లాస్గో పక్కన క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1920, 30ల దశకాల్లో తయారైనవి. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. ఆ రోజుల్లో సింగర్ వాళ్లు వాయిదాల మీద మిషన్లు అమ్మేవారు. మీ మిషన్ బల్లకున్న సొరుగులు ఒకసారి పూర్తిగా బయటికి లాగి చూడండి. వాయిదా కట్టిన రసీదో, కొలతలు రాసుకున్న చీటీయో, పాత సూదుల పొట్లమో దొరికితే పారేయకండి. అరిగిపోయిన సుద్దముక్క అయినా సరే. పాత వస్తువులు సేకరించేవాళ్లు ఇనుము ఉంచుకుని కాగితాలు పారేస్తుంటారు. నాకది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఆ మిషన్ మీ తాతగారి చేతికి ఎప్పుడు వచ్చిందో చెప్పగలిగేది ఆ కాగితం ఒక్కటే.

ఇక పని. తోలు బెల్టు తీసేయండి. మిషన్ తలను బల్ల మీద నుంచి వెనక్కి వాల్చండి, లేదా కీళ్ల దగ్గర స్క్రూలు వదులు చేసి మొత్తం పైకెత్తి, పాత పేపర్లు పరిచిన వేరే బల్ల మీద పెట్టండి. పోత ఇనుము కదా, బరువుంటుంది, ఇద్దరు పట్టుకోండి. సూది తీసేయండి. చక్రం మధ్యలో ఉండే గుండ్రటి బిరడా వదులు చేసి చక్రం తిప్పి చూడండి. చక్రం ఒక్కటే తిరిగితే పట్టు తల లోపల ఉందని అర్థం. చక్రమే తిరగకపోతే పట్టు చక్రం ఇరుసు దగ్గరా ఉంది.

ఇప్పుడు సూది కింద అడుగు దారాన్ని పట్టుకుని కదిలే షటిల్ చూడండి. ఆ దారం చుట్టే బాబిన్ గుండ్రంగా బిళ్ళలా ఉందా, సన్నగా పొడుగ్గా పుల్లలా ఉందా? పొడుగు బాబిన్ అయితే అది పడవ ఆకారపు షటిల్‌లో కూర్చుంటుంది. అలాంటి షటిల్ పోగొట్టుకుంటే మళ్లీ వెతకడం కష్టం, జాగ్రత్త. గుండ్రటి బాబిన్ అయితే మీ మిషన్ సింగర్ వాళ్ల 15వ రకం కావచ్చు. మన దేశంలో తయారైన చాలా ఇంటి మిషన్లు ఆ 15 నమూనా మీదే వచ్చాయి కాబట్టి బాబిన్, బాబిన్ కేసు, సూది జయపురంలోనే ఏ మిషన్ సామాన్ల కొట్లోనైనా అడగవచ్చు. మీరు కొన్న మూడు తలల్లో ఈ రకం ఉంటే అవి మీ తాతగారి మిషన్‌కి విడిభాగాల గనులు. అవి కొన్నందుకు బాధపడకండి.

బాబిన్ కేసు తీసి, సూది కింద ఉండే రేకు స్క్రూలు రెండూ విప్పితే బట్టను వెనక్కి లాగే పళ్ళపట్టీ కనిపిస్తుంది. ఆ పళ్ళ మధ్య, వాటి కింద, ఏళ్ల నాటి దూదీ దారమూ ఒత్తుకుపోయి గట్టి చాపలా ఉంటుంది. దాన్ని స్క్రూ డ్రైవర్‌తో గీకి పారేయకండి. సూదితో అంచు లేపి పొరగా తీయండి. పై పొరలో తెల్ల దారం, కింద ఖాకీ, ఇంకా కింద బళ్లో పిల్లల యూనిఫారం నీలం, ఇలా మీ తాతగారు ఆఖరి ఏళ్లలో కుట్టిన బట్టలన్నీ వరసగా బయటపడతాయి. ఒక చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి సొరుగులో దాచుకోండి. చాలాసార్లు చక్రం పట్టేయడానికి షటిల్ చుట్టూ చుట్టుకున్న ఒక్క దారప్పోగు చాలు. అది లాగేయగానే మిషన్ తిరిగిన సందర్భాలున్నాయి.

తిరగకపోతే కిరసనాయిలు. ఇనుము ఇనుముతో రాసుకునే ప్రతి చోటా, పైనున్న నూనె బెజ్జాలన్నిట్లోనూ చుక్కలు వేయండి. ఎడమ కొసన ఉన్న మూతపలక తీస్తే సూది కడ్డీ కనిపిస్తుంది, అక్కడా వేయండి. మిషన్ అడుగు భాగం మరిచిపోకండి, అసలు కీళ్లన్నీ అక్కడే ఉన్నాయి. వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న ఎండలో కాసేపు పెట్టండి, నల్ల పోత ఇనుము త్వరగా వేడెక్కి లోపలి బంక మెత్తబడుతుంది. తర్వాత చక్రాన్ని అటూ ఇటూ ఊపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు. మళ్లీ చుక్కలు, మళ్లీ ఊపడం. బలం మాత్రం పెట్టకండి, సుత్తి అసలు ముట్టుకోకండి. వారం పట్టినా సరే. కిరసనాయిలుతో పనిచేసేటప్పుడు పొయ్యి దగ్గర కూర్చోవద్దు, తుడిచిన గుడ్డలు కుప్పగా పడేయవద్దు, కిటికీ తీసి ఉంచండి.

పట్టు వదిలాక పని అయిపోయిందని అనుకునేవాళ్లే ఎక్కువ. కిరసనాయిలు బంకతోపాటు నూనెనంతా కడిగేస్తుంది. అలా వదిలేస్తే జయపురం వానల్లో నాలుగు రోజులకే లోపల తుప్పు మొదలవుతుంది. వెంటనే మంచి మిషన్ నూనె అన్ని చోట్లా వేసి, చేత్తో చక్రం తిప్పుతూ ఉండండి. మొదట నల్లగా బయటికి వస్తుంది. తుడిచి మళ్లీ వేయండి. తెల్లగా వచ్చేదాకా రోజూ ఇదే పని.

మిషన్ నూనె అంటే మిషన్ నూనే. మన ఇళ్లల్లో అది అయిపోతే తలకి రాసుకునే కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేయడం పెద్ద అలవాటు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. కోరాపుట్, సెమిలిగుడ చలి మీకు తెలియంది కాదు, పుష్యమాసంలో సీసాలోనే రాయైపోతుంది. మిషన్ లోపల వేసిందీ అంతే. మీ తాతగారు వృత్తిలో ఉన్న మనిషి కాబట్టి అలా చేసి ఉండరు. కొట్టు మూసేశాక ఇంట్లో ఎవరైనా మంచి మనసుతో వేసి ఉండవచ్చు, కనుక్కోండి.

పెయింటు అడిగారు. వద్దు. ఆ నల్లటి ఒంటి మీద బంగారు రంగు పువ్వులు, తీగలు సగమే మిగిలినా సరే, కొత్త పెయింటు వేస్తే అవి మళ్లీ రావు. థిన్నర్, పెట్రోలు, స్పిరిట్ ఒక్కసారి తుడిచినా పువ్వులు గుడ్డకి అంటుకుని వచ్చేస్తాయి, ఎందుకంటే వాటి మీద పూసిన పాత వార్నిష్ స్పిరిట్‌లో కరుగుతుంది. మెత్తటి దూదిని మిషన్ నూనెలో ముంచి మెల్లగా రుద్దండి. మురికి పోతుంది, పువ్వు ఉంటుంది. మిషన్ ముందు భాగంలో టైలర్ చెయ్యి ఆనే చోట పువ్వులు పూర్తిగా అరిగి నల్లగా మెరుస్తుంటాయి. అది మచ్చ కాదు, మీ తాతగారి చెయ్యి అరగదీసిన చోటు. దాన్ని కప్పేయడానికి డబ్బిచ్చి పెయింటరుని పిలుస్తారా? కింద కాళ్లకి, తొక్కే పలకకి పట్టిన తుప్పును మాత్రం వైరు బ్రష్షుతో తీసి, నూనె గుడ్డతో తుడవండి. అక్కడ అవసరమైతే నల్ల పెయింటు వేసినా నాకు అభ్యంతరం లేదు.

కొత్త బెల్టు వేసి తొక్కడం మొదలుపెట్టగానే చక్రం వెనక్కి తిరిగి దారం చిక్కుపడుతుంది. కొత్తగా తొక్కే వాళ్లందరికీ ఇంతే. చక్రం పైభాగం మీ వైపుకి తిరగాలి. చేత్తో ఒక ఊపు ఇచ్చి, ఆ ఊపు అందుకుని కాలు కదపండి. దారం లేకుండా కొన్నాళ్లు ఉత్తినే తొక్కండి. తర్వాత పాత చీరముక్క మీద కుట్టి, పైదారం టెన్షన్ సరిచూడండి. అడుగున దారం ఉచ్చులుగా వేలాడుతుంటే బాబిన్‌ని తిట్టకండి, సాధారణంగా పైదారమే వదులై ఉంటుంది.

ఇక గడియారం. ముందుగా, కీ ఎక్కువ ఇవ్వడం వల్ల గడియారం పాడవదు. స్ప్రింగు చివరిదాకా చుట్టుకున్నాక ఆగుతుంది, అంతే. పూర్తిగా కీ ఇచ్చినా ఆడటం లేదంటే ఆ బలం చివరి చక్రం దాకా చేరడం లేదని అర్థం. దారిలో అదే బంక. లేదా, మీ గడియారం విషయంలో నాకు ఎక్కువ అనుమానంగా ఉన్నది, గోడ మీద వంకర.

రెండు నిమిషాలు ఆడి ఆగిపోయే గడియారాన్ని విప్పకముందు వినాలి. ఇంట్లో టీవీ, ఫ్యాను ఆపేసి, లోలకం ఊపి, దగ్గర నిలబడి వినండి. టిక్కుకీ టాక్కుకీ మధ్య వ్యవధి రెండు వైపులా సమానంగా ఉండాలి. కుంటుతున్న మనిషి నడకలా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వినిపిస్తే గడియారం నిటారుగా లేదన్నమాట. పెట్టె అడుగు భాగాన్ని అరంగుళం ఎడమకి జరిపి వినండి, కుడికి జరిపి వినండి. ఏదో ఒక చోట చప్పుడు సమానమవుతుంది. అక్కడ పెన్సిల్‌తో గోడ మీద గీత గీసుకోండి. పెట్టె మీ కంటికి కొంచెం వంకరగా కనిపించినా పట్టించుకోకండి, గడియారానికి కావలసింది దాని చెవికి నిటారు. కొట్టు గోడ మీద నుంచి తీసి ఇంటి గోడకి తగిలించినప్పుడు ఇది తప్పిపోవడం మామూలే. ఇంత మాత్రానికే మీ గడియారం ఆడొచ్చు.

ఆడితే, టైము సరిచేయడానికి లోలకం అడుగున నట్టు ఉంటుంది. బిళ్ళ పైకి వెళ్తే వేగం, కిందికి దిగితే నెమ్మది. నట్టు ఒక్క చుట్టు తిప్పి ఒక పూర్తి రోజు ఆగండి. ఎండాకాలం ఇనుప కడ్డీ సాగి గడియారం వెనకబడుతుందని వినే ఉంటారు. అది నిజమే కానీ, 10 డిగ్రీలు వేడి పెరిగితే ఉక్కు కడ్డీ ఉన్న గడియారం రోజుకి సుమారు 5 సెకన్లే వెనకబడుతుంది. మీది రోజుకి నిమిషాల లెక్కన తప్పుతుంటే ఎండని అనకండి, నట్టు చూడండి. ముల్లు వెనక్కి తిప్పవద్దు. ముందుకే తిప్పండి, ప్రతి గంట దగ్గరా ఆగి పూర్తిగా కొట్టనివ్వండి. గంటలు లెక్క తప్పితే, లోపల ఎడమ పక్క కిందికి ఓ సన్నటి తీగ వేలాడుతుందేమో చూడండి. చాలా పాత అమెరికన్ గడియారాల్లో ఉంటుంది. దాన్ని పైకి లేపితే గంట కొడుతుంది. ముల్లుతో కలిసేదాకా కొట్టించుకోవచ్చు.

ఆడకపోతే విప్పాలి. మీరు విప్పకూడదు. ఇప్పుడే కాదు. మిషన్ ముందు, గడియారం తర్వాత అన్నది ఇందుకే. మిషన్‌లో మీరు తప్పు చేస్తే స్క్రూ తల అరుగుతుంది. గంటలు కొట్టే గడియారంలో రెండు పెద్ద స్ప్రింగులు ఉంటాయి, ఒకటి ముల్లు నడపడానికి, ఒకటి గంట కొట్టడానికి. కీ ఇచ్చి ఉన్న స్ప్రింగుతో ఇత్తడి పలకలు విప్పితే అది ఒక్కసారిగా తెరుచుకుని చక్రాల పళ్ళు ఊడగొడుతుంది, మీ వేళ్లు కోస్తుంది. ముందు స్ప్రింగు బలాన్ని దించాలి. కీ బిగించి పట్టుకుని, అడ్డుగా ఉన్న కొక్కేన్ని లేపి, కీని అరచేతిలో కొద్దికొద్దిగా జారనిస్తూ దించుతారు. రాసినంత సులువు కాదు. ఒకరు చేస్తుంటే పక్కన కూర్చుని చూడాలి, తర్వాత వాళ్ల ఎదుట చేయాలి. వీడియో చూసి చేసే పని కానే కాదు.

ఆ ఒకరు మీ ఊళ్లోనే ఉంటారు. జయపురంలో, రాయగడలో, పర్లాకిమిడిలో ఏ పాత బజారుకి వెళ్లినా కంటికి అద్దం పెట్టుకుని అద్దాల డబ్బా వెనక కూర్చున్న పెద్ద వాచీ మిస్త్రీ ఒకరైనా కనిపిస్తారు. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చాక పని తగ్గింది, 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ కూడా మూతపడింది, కొడుకులు వేరే పనుల్లోకి వెళ్లారు. వాళ్ల దగ్గరికి వెళ్లి ఉచితంగా నేర్పమని అడగకండి. మీ టైంపీసుల్లో ఒకటి తీసుకెళ్లి, ఇది బాగుచేయండి, నేను పక్కన కూర్చుని చూస్తాను, మీరు చెప్పిన కూలీ ఇస్తాను అనండి. బేరం ఆడకండి. ఒక టైంపీసు మొత్తం విప్పి కట్టడం చూశాక రెండోది మీరు వాళ్ల ఎదుట విప్పండి. అలా కొన్ని అయ్యాకే తాతగారి గడియారం. ఇరుసు రంధ్రాలు అరిగి కోలగా అయిపోయి ఉంటే అక్కడ ఇత్తడి బుష్షు, అంటే రంధ్రంలో బిగించే చిన్న గొట్టం, వేయాలి. దానికి లేత్ పని కావాలి. మీకు ఇంకో అదృష్టం ఉంది. మీకు దగ్గర్లోనే సునాబెడా ఉంది. విమానం ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఫిట్టర్లు, టర్నర్లు అక్కడ మన తెలుగువాళ్లే ఎందరో ఉన్నారు. మిల్లీమీటరులో నూరో వంతు తేడా చేతికి తెలిసిన మనుషులు. అలాంటి వారిని అడిగితే గడియారం బుష్షు సంతోషంగా చేసిపెడతారు. విశాఖ దాకా పోనక్కర్లేదు.

నూనె విషయం ఇక్కడ వేరు. గడియారంలో చక్రాల పళ్ళకి నూనె పెట్టరు. ఇరుసు కొనలు ఆనే రంధ్రాలకి మాత్రం, సూది మొనతో తాకించినంత, అదీ గడియారం నూనె. డబ్బాతో స్ప్రే కొట్టడం మహాపాపం. కొన్నాళ్లు బాగా ఆడుతుంది, తర్వాత దుమ్మంతా పట్టుకుని మునుపటి కన్నా గట్టిగా పట్టేస్తుంది. ఇత్తడి అనగానే మన చేతులు చింతపండు వైపు వెళ్తాయి. బిందెలకి సరే. గడియారం లోపలికి వద్దు, ఆ పులుపు సందుల్లో మిగిలిపోయి ఇరుసుల్ని తింటుంది. రంధ్రాలు శుభ్రం చేయడానికి సన్నగా చెక్కిన వెదురు పుల్ల మొన చాలు. ముఖపలక మీద అంకెలు తడిగుడ్డతో తుడవకండి, కాగితం మీద అచ్చువేసినవైతే గుడ్డతోపాటు పోతాయి. చీకట్లో వెలిగే పాత టైంపీసుల అంకెలు గీకవద్దు. వాటిలో రేడియం ఉండవచ్చు, ఇప్పుడు వెలగకపోయినా దాని రేడియేషన్ ప్రమాదం పోదు.

పెట్రోమాక్స్ గురించి రెండు మాటలు. గంజాం వైపు ప్రహ్లాద నాటకం రాత్రంతా ఆ వెలుగులోనే ఆడిన రోజులున్నాయి, మీ మోజు నాకు అర్థమవుతుంది. కానీ పాత టాంకీలో కిరసనాయిలు పోసి నేరుగా వెలిగించవద్దు. ముందు నీళ్ల బకెట్లో ముంచి పంపు కొట్టండి, బుడగ వచ్చిన చోట బెజ్జం ఉంది. బెజ్జం టాంకీ ఒంట్లోనే ఉంటే దాన్ని వెలిగించే ఆశ వదులుకుని అలంకారంగా ఉంచుకోండి. పంపు గాలి పట్టకపోతే లోపలి తోలు వాషరు ఎండి ముడుచుకుని ఉంటుంది. ఆముదంలో రెండు రోజులు నానబెడితే చాలా వరకు మళ్లీ మెత్తబడి పట్టు దొరుకుతుంది. వెలుగునిచ్చే గుడ్డ తొడుగు, అదే పాత మాంటిల్, దాని బూడిద నోటితో ఊదకండి, వాటిలో రేడియేషన్ ఉండే థోరియం వాడేవారు.

మీ తాళాల్లో, లాంతర్లలో రైల్వే ముద్ర ఉన్నవి ఏమైనా ఉన్నాయా? ఉంటే ఎక్కడ కొన్నారో రసీదు వెతకండి. రైల్వే ఆస్తి ఎవరి దగ్గరైనా అక్రమంగా ఉందని తేలితే 1966 నాటి చట్టం కింద కేసు పెడతారు. కబాడీ వాడు ఇచ్చాడన్న మాట చాలదు. వేలంలో కొన్నదానికి కాగితం ఉంటుంది, కాగితం లేనిదాని జోలికి పోకండి. తూకం రాళ్లకి మాత్రం మీరు ఏమీ చేయనక్కర్లేదు. 1958లో మెట్రిక్ తూనికలు రావడానికి ముందటి సేర్లు, వీశెలు అయితే వాటి మీద ముద్రలు చెరిగిపోకుండా పొడిగుడ్డతో తుడిచి ఉంచండి.

సంతలో కొనేటప్పుడు ఇంకో మాట. కొండ ఊళ్ల నుంచి వచ్చిన ముసలాయన ఇంట్లోని పాత వస్తువు తెచ్చి నూరు రూపాయలు అడిగితే, దాని అసలు విలువ మీకు తెలిసినప్పుడు ఆ విలువే ఇవ్వండి, లేకపోతే కొనకండి. చవగ్గా కొట్టేశానని చెప్పుకునే సేకరణ నాకు నచ్చదు.

ఇప్పుడు ఇంటి గొడవ. మీ ఆవిడ అడిగింది న్యాయం. నాన్నగారు అన్నదాంట్లోనూ కొంత న్యాయం ఉంది. వాళ్లకి ఇన్నాళ్లుగా కనిపిస్తున్నది రోజూ లోపలికి వచ్చే ఇనుమే కానీ బయటికి వచ్చే పని కాదు. ఇల్లు పీకి పందిరి వేస్తున్నట్టుగా ఉంటుంది వాళ్లకి. మీరు ఒక బల్ల, ఒక అలమార అడిగి తీసుకోండి, మంచం కింద ఖాళీ చేసేయండి. బల్ల మీద ఒకేసారి ఒక వస్తువే. అది పూర్తయ్యేదాకా కొత్తది కొనడం ఆపండి. ఇది నచ్చకపోయినా పాటించండి. అన్నిటికన్నా ముందు తాతగారి మిషన్ తిరిగేలా చేసి, దాని మీద ఇంట్లో దిండు గలేబులో, కిటికీ తెరలో కుట్టండి. మీ ఆవిడకో అమ్మగారికో కుట్టడం వస్తే వాళ్ల చేతికే ఇవ్వండి. కరెంటు పోయినా నడిచే మిషన్ అది. ఇంట్లో పనికొచ్చిన వస్తువుని ఎవరూ తూకానికి వేయమనరు.

విప్పేటప్పుడు ప్రతి అడుగూ ఫోనుతో ఫోటో తీసుకోండి. స్క్రూలు కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టి గుంటలకి నంబర్లు వేయండి. స్క్రూ గాడికి సరిపోయే స్క్రూ డ్రైవర్ లేకపోతే ఆ రోజు పని ఆపి కొనుక్కురండి. సన్నటి దానితో తిప్పితే గాడి చెడుతుంది, ఆ స్క్రూ మళ్లీ రాదు. వానాకాలం నాలుగు నెలలూ అలమారలో తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలు వేసి ఉంచండి. ఖర్చు చిన్నదే.

చివరగా మీ పెదనాన్నగారి అబ్బాయి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటినవి పురావస్తువుల కిందకి రావచ్చు. అలాంటిదాన్ని అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. గడియారం అంత పాతది కాకపోయినా కస్టమ్స్‌లో అనుమానం వస్తే, ఇది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే ధృవపత్రం చూపించాలి. ఇదేమీ లేకుండా పార్సెల్ కట్టకండి. చట్టం సంగతి పక్కన పెట్టినా, లోలకం గడియారం విమానం పార్సెల్లో తలకిందులై ప్రయాణం చేస్తే లోలకాన్ని పట్టుకునే సన్నటి రేకు స్ప్రింగు ముందు విరుగుతుంది. ఆయనకి పంపాలని మీకుంటే పంపండి, అది మీ ఇద్దరి మధ్య విషయం. కానీ ముందు దాని వయసు తేలాలి. పెట్టె తలుపు తీసి, లోపల వెనక చెక్క మీద అతికించిన కాగితం చూడండి. కొన్ని అమెరికన్ గడియారాల్లో తయారీదారు పేరు, కీ ఇచ్చే పద్ధతి దాని మీదే అచ్చువేసి ఉంటాయి. ఇత్తడి పలక మీద కూడా ముద్ర ఉండవచ్చు, టార్చి వేసి చూడండి. ఆ రెండిటి ఫోటోలు, లోలకం బిళ్ళ నుంచి పైన అది వేలాడే చోటు దాకా కొలతా రాసి పంపండి. మిషన్‌లో బాబిన్ పొడుగో గుండ్రమో అదీ రాయండి. రెండిటికీ ఏ సామాను కావాలో, ఏది ముందు కొనాలో వచ్చే జవాబులో రాస్తాను.